ఎగ్జిబిషన్‌కి ఐదు భాషల్లో ఫోన్ గైడ్ చేయాలి, ఎక్కడ మొదలుపెట్టమంటారు?

#1 పాతపుటలు

అందరికీ నమస్కారం. మా లైబ్రరీకి ఆనుకుని చిన్న మ్యూజియం గది ఉంది. అందులో రాబోయే ఎగ్జిబిషన్ పని నా మీద పడింది. మొత్తం 40 వస్తువులు: చేతిరాత గ్రంథాలు, అచ్చు తొలినాళ్ళ పుస్తకాలు, రెండు పెద్ద పటాలు, కొన్ని కాల్చిన మట్టి పలకలు. ఐదు భాషల్లో వివరణ ఇవ్వాలని తీర్మానం అయింది. లేబుల్ కార్డు అరచేతి అంత ఉంటుంది. దాని మీద రెండు భాషలు పడతాయి, మూడోది పెడితే అక్షరాలు చీమల్లా అయిపోతాయి. అందుకే క్యూఆర్ కోడ్ పెట్టి, వివరమంతా ఫోన్‌లో ఇద్దామనుకుంటున్నాం.

పైవాళ్ళేమో "ఇంగ్లీషులో రాసేయండి, మిగతా నాలుగు భాషలూ మెషీన్ ట్రాన్స్‌లేషన్‌తో చేసేద్దాం, వారంలో అయిపోతుంది" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. పోయినసారి జరిగింది చెప్తాను. ఒక పెద్దావిడ, మనవడు వచ్చారు. ఒక గ్రంథం ముందు ఆవిడ నిలబడిపోయింది, గాజు పైనుంచే అక్షరాల వెంట వేలు నడిపిస్తూ "ఇందులో ఏం రాశార్రా" అని అడిగింది. పిల్లాడు లేబుల్ గడగడా ఇంగ్లీషులో చదివాడు. "అది కాదురా, ఏం రాశారు?" అని మళ్ళీ అడిగింది. వాడికి అర్థమైంది గానీ చెప్పడానికి మాటలు దొరకలేదు. "ఏదో పాత పుస్తకమంట అమ్మమ్మా" అన్నాడు. పది నిమిషాల్లో వెళ్ళిపోయారు. నేను అప్పుడు వేరే గుంపుతో ఉన్నాను, వెళ్ళి చెప్పలేకపోయాను. అది ఇంకా మనసులో మెదులుతూనే ఉంది.

ఇలాంటి పని చేసినవాళ్ళు, ఇలాంటి గైడ్ వాడి విసిగిపోయినవాళ్ళు, ఇద్దరూ చెప్పండి.

#2 కోడ్‌కొలిమి

ముందు ఒక్క మాట. యాప్ చేయకండి. గంటసేపు చూసి వెళ్ళిపోయే మనిషి దానికోసం యాప్ దించుకోడు, దించుకోవాలన్నా ఫోన్‌లో చోటు ఉండాలి, పాస్‌వర్డ్ గుర్తుండాలి, సిగ్నల్ ఉండాలి. మామూలు వెబ్ పేజీ చాలు. అదే పేజీని ఒకసారి తెరిచాక నెట్ లేకపోయినా పనిచేసేలా చేయొచ్చు. మందపాటి గోడల మధ్య సిగ్నల్ చచ్చిపోతుంది కాబట్టి మీకు అది తప్పనిసరి. లోపలికి వచ్చే చోట వైఫై పెట్టి, అక్కడే మొత్తం గైడ్ ఫోన్‌లోకి దిగేలా చూడండి. ఆడియో బరువు గురించి భయపడకండి. రెండు నిమిషాల మాట, మోనోలో 64 కేబీపీఎస్ (సెకనుకి 64 కిలోబిట్లు) దగ్గర, దాదాపు ఒక ఎంబీ. 40 వస్తువులకి ఒక భాషకి 40 ఎంబీ. ఓపస్ అనే ఆడియో ఫార్మాట్‌లో 24 కేబీపీఎస్‌కి దించినా మాట శుభ్రంగానే వినిపిస్తుంది, అప్పుడు మొత్తం 15 ఎంబీ లోపే.

ఇక భాష ఎంచుకోవడం. 2011లో ఇంగ్లండ్‌లోని డెర్బీ మ్యూజియం కోసం రోజర్ బామ్‌కిన్, టెరెన్స్ ఈడెన్ కలిసి క్యూఆర్‌పీడియా అని ఒకటి చేశారు. ఒకే కోడ్, స్కాన్ చేస్తే ఫోన్ ఏ భాషలో ఉందో చూసి ఆ భాష వికీపీడియా వ్యాసం తెరుస్తుంది. ఎంత చక్కని ఆలోచన అంటే, లేబుల్ మీద ఐదు కోడ్‌లు అతికించే బాధే లేదు. మీరూ వస్తువుకి ఒకే కోడ్ పెట్టండి. కాకపోతే ఒక్క జాగ్రత్త. ఫోన్ భాష, మనిషి భాష ఒకటి కావు. ఫోన్‌ని ఇంగ్లీషులో పెట్టుకుని, చదవడం మాత్రం సొంత భాషలో హాయిగా చదివేవాళ్ళు కోకొల్లలు. అందుకని మొదటిసారి తెరవగానే ఒక్కసారి అడగండి, ఆ జవాబు గుర్తుపెట్టుకోండి, మార్చుకునే బటన్ ప్రతి పేజీలో పైనే కనపడనివ్వండి. భాషల పేర్లు ఆయా లిపుల్లోనే రాయండి, తెలుగు అని, اردو అని, मराठी అని. జెండాలు మాత్రం పెట్టకండి. స్పానిష్‌కి ఏ దేశం జెండా పెడతారు?

#3 అనువాదిని

పాతపుటలు గారూ, మీ మనసొప్పకపోవడం సరైనదే.

మెషీన్ అనువాదం మామూలు వాక్యాల దగ్గర ఈమధ్య బాగానే ఉంటోంది. మ్యూజియం లేబుల్ మామూలు వాక్యం కాదు, అదే చిక్కు. చిన్న ముక్క, చుట్టూ సందర్భం ఉండదు, ప్రతి మాటా ఆ వృత్తికి చెందిన మాట. నేను సరిదిద్దిన ఫైళ్ళలో కనపడినవే చెప్తాను. బట్టీలో కాల్చిన మట్టి అనాల్సిన చోట ఇంగ్లీషు "ఫైర్డ్"ని పట్టుకుని ఉద్యోగంలోంచి తీసేసినట్టు రాసింది. పుస్తకంలో బొమ్మలు అచ్చేసిన పుటని "ప్లేట్" అంటారు కదా, అది పళ్ళెం అయింది. గ్రంథంలోని "లీఫ్" ఆకు అయింది. తాటాకు గ్రంథమైతే అది నిజమే, కానీ అక్కడున్నది కాగితం. "స్టిల్ లైఫ్" అనే చిత్రరీతి (పళ్ళు, పాత్రల్లాంటి కదలని వస్తువుల బొమ్మ) "నిశ్చల జీవితం" అయింది. చదివేవాడికి ఇది తప్పు అని కూడా తెలియదు, తనకే అర్థం కావడం లేదనుకుని పక్కకి జరిగిపోతాడు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

అనువాదం మొదలుపెట్టకముందే పదకోశం చేసుకోండి. మీ 40 లేబుళ్ళలో పదేపదే వచ్చే మాటలు మహా అయితే 60, 70 ఉంటాయి. పుట, పత్రం, అట్ట, కుట్టు, సిరా, బంగారు పూత, అంచు రాత, గ్రంథాంత వాక్యం (ఎవరు, ఎప్పుడు రాశారో చివర చెప్పే మాట), ఇలా. ఒక్కోదానికి ఐదు భాషల్లో ఏ మాట వాడాలో, ఏది వాడకూడదో రాసి, దాన్ని మీ క్యురేటర్ చేత, ఆ భాష వచ్చిన ఇంకొకరి చేత చూపించండి. ఇది రెండు రోజుల పని. దాని తర్వాత మనిషి చేసినా మెషీన్ చేసినా సగం తప్పులు పుట్టవు.

#4 ముగ్గురమే

నేను కాస్త అడ్డం తిరుగుతాను, ఏమనుకోవద్దు. మాది కూడా చిన్న లైబ్రరీ, స్టాఫ్ ముగ్గురం. మా ముందు ఉన్నది "మంచి అనువాదమా, మెషీన్ అనువాదమా" అన్న ప్రశ్న కాదు. "మెషీన్ అనువాదమా, అసలేమీ లేకపోవడమా" అన్నదే. నలుగురు అనువాదకులని పెట్టుకునే స్తోమత మాకు ఎప్పటికీ రాదు. నాలుగు తప్పులున్నా సరే, ఏమీ లేనిదానికన్నా మేలు కదా? మంచిది చేయలేమని అసలే మానేస్తే ఆ పెద్దావిడ ఈసారీ అలాగే వెళ్ళిపోతుంది.

#5 అనువాదిని

ముగ్గురమే గారూ, మీ మాటలో న్యాయం ఉంది, దాన్ని కొట్టిపారేయను. నాకు తోచిన దారి ఇది. 40 వస్తువులకీ ఐదు భాషలూ ఒకేసారి చేయకండి. జనం ఎక్కువసేపు నిలబడే పది పన్నెండు వస్తువులు ఎంచుకుని వాటికి మనిషి చేత పూర్తిగా చేయించండి. మిగతావాటికి మెషీన్ చిత్తుప్రతి తీసి, ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్ళు ఒకరు పూర్తిగా చదివి సరిచేస్తే చాలు. పాఠకుల్లోనే అలాంటివాళ్ళుంటారు, అడిగితే సంతోషంగా వస్తారు. మనిషి కంటపడని పేజీ ఏదైనా ఉంటే దాని పైనే "ఇది యంత్రం చేసిన అనువాదం, తప్పు కనిపిస్తే చెప్పండి" అని అదే భాషలో రాయండి. చదివేవాడికి అంతమాత్రం నిజం చెప్పాలి.

ఇంకోటి, అసలు మూలమే చిన్నదిగా రాయండి. ఇంగ్లీషులో మూడు ఉపవాక్యాలు మెలితిప్పిన వాక్యం రాసి దాన్ని ఐదు భాషల్లోకి పంపితే అయిదు చోట్లా మెలిక పడుతుంది.

#6 తెల్లకర్ర_77

నేను చూపు లేని మనిషిని. మ్యూజియంలకి వెళ్ళడం ఇష్టం. క్యూఆర్ కోడ్ గైడ్ ఉందని చెప్పి పిలిచినచోట నాకు ఏమవుతుందో చెప్తాను, మీకు పనికొస్తుంది.

కోడ్ ఎక్కడుందో నాకు తెలియదు. అది నున్నటి కార్డు మీద నున్నటి అచ్చు. గోడంతా తడుముతూ నిలబడాలి, లేదా కనపడ్డ ప్రతివాళ్ళనీ అడగాలి. ఒక పెట్టెకి కుడివైపు, ఇంకోదానికి ఎడమవైపు, మూడోదానికి మోకాలి ఎత్తులో. దీనికి మందు చాలా తేలిక. ప్రతి పెట్టెకీ ఒకే వైపు, ఒకే ఎత్తులో, చుట్టూ వేలికి తగిలే ఉబ్బెత్తు అంచుతో పెట్టండి. రెండో పెట్టె దగ్గరికి వచ్చేసరికే నా చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్తుంది. దాని కింద బ్రెయిలీలోనూ, పెద్ద ఉబ్బెత్తు అంకెలోనూ వస్తువు నంబరు పెట్టండి. కెమెరాతో గురిపెట్టడం కుదరనివాళ్ళు పేజీలో 17 అని కొడితే 17వ వస్తువు రావాలి. ఆ అంకె మీట చూపున్నవాళ్ళకి కూడా పనికొస్తుంది, గుంపులో కోడ్ దాకా చెయ్యి అందనప్పుడు.

రెండోది భాష ట్యాగ్. కోడ్‌కొలిమి గారికి తెలిసే ఉంటుంది గానీ మిగతావాళ్ళ కోసం చెప్తున్నాను. పేజీ తెలుగులో ఉంటుంది, లోపల మాత్రం ఇది ఇంగ్లీషు పేజీ అని రాసి ఉంటుంది. అప్పుడు నా స్క్రీన్ రీడర్ (తెర మీది రాతని గొంతుతో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ఇంగ్లీషు గొంతుతో తెలుగు చదవబోతుంది. కొన్ని గొంతులు ఆ అక్షరాలన్నీ వదిలేసి కామాలు, అంకెలు మాత్రం చదువుతాయి. "1623... కామా... 4" అని వినపడి ఆగిపోతుంది. పేజీకే కాదు, పేజీ మధ్యలో వేరే భాష మాట వస్తే దానికీ ట్యాగ్ పెట్టాలి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. లేబుల్‌ని గొంతుతో చదివేస్తే అది నాకు వివరణ అవ్వదు. లేబుల్ రాసినవాడు, చదివేవాడికి ఆ వస్తువు కనపడుతోందన్న ధీమాతో రాస్తాడు. "ఈ పుటలోని అలంకరణ అరుదైనది" అంటే నాకేం తెలుస్తుంది? పుస్తకం ఎంత పెద్దది, తెరిచి ఉందా, రాత ఎన్ని వరసలు, సిరా ఏ రంగు, మూల చిరిగిందా, పురుగు తిన్న చిల్లులున్నాయా, అవి చెప్పండి. ఒకచోట ఎవరో "పుస్తకం రెండు అరచేతులు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది, కుడి పుట అంచున ఎవరిదో వేలిముద్ర సిరాతో పడిపోయింది" అని చెప్పారు. ఆ వేలిముద్ర నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

#7 పాతపుటలు

తెల్లకర్ర గారూ, ఉబ్బెత్తు అంచు సంగతి మాకెవరికీ తట్టలేదు. ఈరోజే కార్పెంటర్‌కి చెప్పాను. పేజీలో మీరు చెప్పిన వివరణని వేరే విభాగంగా పెట్టాలా, అందరికీ ఒకటేగా పెట్టాలా?

#8 తెల్లకర్ర_77

నన్నడిగితే అందరికీ ఒకటే. "చూడండి" అని ఒక భాగం, "తెలుసుకోండి" అని ఒక భాగం. చూపున్నవాళ్ళు కూడా "చూడండి" వింటే పెట్టెలోకి మళ్ళీ తొంగిచూస్తారు.

#9 చేతిమాట

మా అక్కకి పుట్టుకతో వినపడదు, నేను సైగభాష దుబాసీని. ఇప్పటిదాకా ఐదు భాషలంటే ఐదూ నోటి భాషలే లెక్కలోకి వచ్చాయి. అందుకే రాస్తున్నాను.

"వినపడకపోతే ఏం, చదువుకుంటారుగా" అనే మాట అన్నిచోట్లా వింటాను. సైగభాష మొదటి భాషగా పెరిగినవాళ్ళకి రాత భాష చాలాసార్లు రెండో భాష, దాని వ్యాకరణం వేరు. మనం మూడో తరగతిలో నేర్చుకున్న ఇంకో భాషలో కళాచరిత్ర చదవమంటే ఎలా ఉంటుందో అలా. సైగభాష అంటే ప్రపంచమంతా ఒకటే అనుకోవడం ఇంకో పొరపాటు. ప్రపంచంలో 200కి పైగా సైగభాషలున్నాయి. బ్రిటన్ సైగభాష, అమెరికా సైగభాష ఒకదానికొకటి అర్థం కావు, రెండు దేశాల్లోనూ మాట్లాడేది ఇంగ్లీషే అయినా. కాబట్టి మీ సందర్శకులు వాడే సైగభాష ఏదో కనుక్కుని దానిలోనే చేయించండి, వీలైతే వినలేనివాళ్ళ చేతే చేయించండి. దుబాసీ కన్నా సొంతభాషగా వాడేవాళ్ళ చేతుల్లో కథ వేరే నడుస్తుంది.

వీడియో తీసేటప్పుడు నడుము దగ్గర నుంచి తల పైదాకా, మోచేతులు రెండు పక్కలా పూర్తిగా కనపడాలి. ఫోన్‌ని నిలువుగా పట్టుకుంటారు కాబట్టి నిలువుగానే తీయండి. వెనకాల ఒకే రంగు తెర, చర్మం రంగుకీ బట్టలకీ అది తేడాగా ఉండాలి. మూలన తపాలాబిళ్ళంత వీడియో పెట్టడం దయచేసి వద్దు, వేళ్ళే కనపడవు. ఇంకో సంగతి, అక్క చెప్పింది. సైగలు చూస్తున్నప్పుడు కళ్ళు ఫోన్ మీద ఉంటాయి, వస్తువు చూడడానికి కుదరదు. వినేవాళ్ళు వింటూ చూడగలరు, ఆమెకి అలా కుదరదు. అందుకని వీడియో మధ్యలో "ఇప్పుడు పుట పైభాగం చూడండి" అని చెప్పి, రెండు మూడు క్షణాలు చేతులు దించేసి ఆగాలి. ఒకచోట అలా ఆగిన వీడియో చూసి అక్క ఎంత సంతోషపడిందో.

#10 గాజుపెట్టె

ఎగ్జిబిషన్ డిజైన్ చేస్తాను. మీరంతా ఫోన్ లోపలి సంగతులు చెప్పారు, నేను ఫోన్ బయటి సంగతులు చెప్తాను.

పాత కాగితం, సిరా, బట్ట, వీటి మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలిచే కొలమానం) దగ్గరే ఆపుతారు. అంతకన్నా పెరిగితే రంగు వెలిసిపోతుంది, మళ్ళీ రాదు. అంటే మీ గది మసకగా ఉంటుంది. ఆ మసకలో తెల్లటి పేజీ తెరిస్తే మొహం మీద టార్చి కొట్టినట్టే. కళ్ళు ఆ వెలుగుకి అలవాటుపడి మళ్ళీ పుస్తకం వైపు చూస్తే ఏమీ కనపడదు, పక్కవాళ్ళకి గాజులో ఆ తెల్లటి చదరం ప్రతిబింబిస్తుంది. కాబట్టి గైడ్ మొదటినుంచీ నల్లటి పేజీ మీద లేత అక్షరాలతో తెరుచుకోవాలి. అక్షరానికీ వెనకటి రంగుకీ తేడా కనీసం 4.5:1 ఉండాలని వెబ్ సౌలభ్య ప్రమాణాలు చెప్తాయి, అది కూడా చూసుకోండి. క్యూఆర్ కార్డు మీద మాత్రం కాస్త వెలుతురు పడాలి, లేకపోతే కెమెరా పట్టదు. స్కాన్ చేసే మనిషి నీడ కోడ్ మీదే పడేలా లైటు పెట్టడం నేను చాలాచోట్ల చూశాను. కోడ్‌ని పెట్టెకి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి పెడితే స్కాన్ చేసేవాళ్ళు చేస్తూ ఉంటారు, చూసేవాళ్ళు చూస్తూ ఉంటారు.

లైబ్రరీ ఎగ్జిబిషన్‌కి ఉన్న ప్రత్యేకమైన బాధ ఇంకోటుంది. పుస్తకానికి 300 పుటలుంటాయి, మీరు చూపించేది రెండు. ఆ రెండిటి మీదే నెలలకొద్దీ వెలుతురు పడకూడదని మధ్యలో పుట తిప్పుతారు. తిప్పిన రోజున గైడ్‌లో ఆడియో, అనువాదం, సైగల వీడియో, అన్నీ పాత పుట గురించే చెప్తుంటాయి. ముందే తేదీలు రాసుకుని రెండు పుటలకీ కలిపి వివరణలు తయారుచేసి పెట్టుకోండి. గైడ్ గొప్పదనం కూడా ఇక్కడే ఉంది, మూసి ఉన్న పుటలని అది తెరవగలదు. మీ పుస్తకాలు స్కాన్ అయి ఉంటే ట్రిపుల్ ఐఎఫ్ (IIIF) అనే పద్ధతిలో పెట్టండి, లైబ్రరీలు తమ బొమ్మలని వెబ్‌లో పంచుకోవడానికి వాడే ఉమ్మడి పద్ధతి అది. దగ్గరికి లాగి చూడొచ్చు, ఆ బొమ్మలు వేరే లైబ్రరీల బొమ్మల పక్కన కూడా పెట్టి చూడొచ్చు.

చరిత్ర ఒకటి చెప్పి ఆపుతాను. 1952లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో మొదటి ఆడియో గైడ్ పెట్టారు. గదిలో చిన్న రేడియో ప్రసారం, సందర్శకుల చేతిలో రిసీవరు, చెవిలో ఇయర్‌ఫోన్. అప్పుడే డచ్, ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ భాషల్లో ఇచ్చారు. కాకపోతే ప్రసారం అందరికీ ఒకేసారి వచ్చేది, కాబట్టి గదిలో ఉన్నవాళ్ళంతా ఒకే క్షణంలో ఒకే వస్తువు వైపు తిరిగేవాళ్ళు. ఇప్పుడు ఎవరి నడక వాళ్ళది. అందుకే మీ గైడ్‌లో "ముందు 1, తర్వాత 2" అని గొలుసు కట్టకండి. ఏ వస్తువు దగ్గర మొదలుపెట్టినా అర్థమయ్యేలా రాయండి.

#11 నిదానంగా

నాకు 70 దాటాయి. ఫోన్ ఉంది, కానీ గంటసేపు చెయ్యి ఎత్తి పట్టుకోలేను. పెద్ద అక్షరాల్లో అచ్చేసిన పుస్తకం, భాషకి నాలుగైదు కాపీలు, లోపలికి వచ్చే చోట పెట్టండి బాబూ. చూసి తిరిగిచ్చేస్తాం. కూర్చోడానికి నాలుగు కుర్చీలు కూడా.

#12 పాతపుటలు

తప్పకుండా పెడతాం అండీ. గైడ్‌లో ఉన్న పాఠమే అచ్చుకి పంపొచ్చు, వేరే పని లేదు.

మా ఐదు భాషల్లో ఉర్దూ ఉంది. అది కుడినుంచి ఎడమకి నడుస్తుంది. టెస్ట్ పేజీలో బాణాలు, అంకెలు అన్నీ కలగాపులగం అయ్యాయి. తెలుగులో ఏమో ఒత్తులు కింద కోసేసినట్టు కనపడుతున్నాయి. ఇంకా, గొంతు ఎవరిది పెట్టాలి? కంప్యూటర్ గొంతు చాలని ఒకరు, మనిషి గొంతే ఉండాలని ఒకరు.

#13 కోడ్‌కొలిమి

ఒత్తుల సంగతి: డిజైన్ చేసినవాళ్ళు ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకి సరిపడా వరస ఎత్తు పెట్టి ఉంటారు. తెలుగుకి పైన గుడి, కింద ఒత్తు, దాని కింద ఇంకో ఒత్తు, ఇన్ని ఉంటాయి. "స్త్రీ", "రాష్ట్ర" లాంటి మాటలతో పరీక్షించి వరసల మధ్య ఎడం పెంచండి. బటన్లకి గట్టి కొలత పెట్టకండి, తెలుగులో మాటలు అతుక్కుని పొడుగవుతాయి, సగంలో తెగిపోతాయి. ఉర్దూకి పేజీ దిశనే మార్చాలి, కుడివైపుకి జరిపితే సరిపోదు. వెనక్కి వెళ్ళే బాణం కూడా తిరగాలి, ఆడియో నడిపే మీట మాత్రం తిరగకూడదు. ఫాంట్ నస్తాలీక్ పెట్టండి, ఉర్దూ పుస్తకాల్లో కనపడే వాలు రాత అది. నస్ఖ్‌లో (అరబ్బీ అచ్చులో ఎక్కువగా వాడే రాత) పెడితే చదవగలరు గానీ ఉర్దూ పాఠకుల కంటికి అది పరాయిగా ఉంటుంది. నస్తాలీక్ వాలుగా దిగుతుంది కాబట్టి దానికి తెలుగు కన్నా ఎక్కువ ఎడం కావాలి.

ఇంకొక్కటి, పాఠాన్ని బొమ్మలో కలిపి ఎక్కడా పెట్టకండి. వస్తువు నంబరు, భాష, పాఠం, ఎప్పుడు మార్చారు, ఇలా మామూలు పట్టికలో ఉంచండి. మూలం మారితే అనువాదాల పక్కన "పాతది" అని గుర్తు పడాలి. పరికరం మారినా పాఠం మీ దగ్గరే ఉండాలి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం 2012లో ఆడియో గైడ్‌ని నింటెండో 3డీఎస్ ఆటల పరికరంలో పెట్టింది. 2020లో ఆ పరికరం తయారీయే ఆగిపోయింది. అంత పెద్ద మ్యూజియంకే ఇది తప్పలేదంటే మనమెంత జాగ్రత్తగా ఉండాలి.

#14 అనువాదిని

గొంతు గురించి. ముఖ్యమైన పన్నెండింటికి మనిషి గొంతు పెట్టండి, ఇంట్లో ఆ భాష మాట్లాడే మనిషి గొంతు. కంప్యూటర్ గొంతు పేర్ల దగ్గర తడబడుతుంది, పాత పద్యం దగ్గర అయితే విరుపే తప్పు పడుతుంది. మిగతావాటికి కంప్యూటర్ గొంతు పెట్టినా, ప్రతి పేరూ ఒకసారి విని సరిచేయండి. ఆడియో ఉన్న ప్రతిచోటా అదే పాఠం కింద రాతలోనూ ఉండాలి, హెడ్‌ఫోన్ మర్చిపోయినవాళ్ళకి, వినికిడి తక్కువున్నవాళ్ళకి.

పేర్లు ఐదు లిపుల్లో ఒకేలా పలికేలా రాయడం పెద్ద పని. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు వికీడేటాలో (వికీపీడియాకి తోడుగా ఉన్న ఉచిత సమాచార నిధి) చూడండి. ఒక్కో అంశానికీ చాలా భాషల్లో పేర్లు పక్కపక్కనే ఉంటాయి, కనీసం సరిపోల్చుకోవచ్చు. తేదీల దగ్గర కూడా ఆగండి. గ్రంథాంత వాక్యంలో శక సంవత్సరం ఉంటే దాన్ని అలాగే ఉంచి, పక్కన 78 కలిపి క్రీస్తు శకం ఇవ్వండి. సంవత్సరం చివరి నెలల్లో రాసినదైతే 79 అవుతుంది. హిజ్రీ (ఇస్లామిక్ సంవత్సరం) అయితే ఇలా కూడితే రాదు, అది చాంద్రమానం, ఏడాదికి పదకొండు రోజులు తక్కువ, పట్టిక చూడాల్సిందే.

#15 ముగ్గురమే

అనువాదిని గారూ, పాఠకుల్లోంచే పిలవమన్నారు కదా, నోటీసు బోర్డు మీద రాసి పెట్టాను. ఇద్దరు వచ్చారు. ఒకావిడ మా మరాఠీ లేబుల్ చూసి "ఇది గవర్నమెంటు నోటీసులా ఉంది" అని మూడు వరసల్లో తిరగరాసింది. నాకు మరాఠీ రాదు, కానీ ఆవిడ చదివితే పక్కనున్న పిల్లలు వచ్చి నిలబడ్డారు. నేను ముందు అన్న మాట కొంచెం మార్చుకుంటున్నాను.

#16 పాతపుటలు

మూడు వారాల తర్వాత వస్తున్నాను. మీరు చెప్పినట్టే 40 వదిలేసి 12 వస్తువులతో పరీక్ష పెట్టాం. తెల్లకర్ర గారు స్వయంగా వచ్చారు, చేతిమాట గారి అక్కా వచ్చారు, ఇద్దరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. జరిగినవి జరిగినట్టు రాస్తాను.

పదకోశంలో మాటలు 64 తేలాయి. వాటిలో తొమ్మిదింటికి మా క్యురేటరే ఇంగ్లీషు మాట ఒకటి, అర్థం ఇంకొకటి వాడుతున్నారని బయటపడింది. అంటే అనువాదం పుణ్యమా అని మూలమే బాగుపడింది.

ఉబ్బెత్తు అంచు పనిచేసింది. మూడో పెట్టె దగ్గరికి వచ్చేసరికి తెల్లకర్ర గారు అడగకుండానే చెయ్యి పెట్టారు. కానీ బ్రెయిలీ నంబరు మేము నిటారుగా ఉన్న గోడ మీద పెట్టాం, దాన్ని చదవాలంటే మణికట్టు వెనక్కి విరవాల్సి వస్తోందని చెప్పారు. ఇప్పుడు పెట్టె ముందు వాలుగా ఒక పట్టీ బిగించి దాని మీదికి మారుస్తున్నాం.

నల్లటి పేజీ అందరికీ నచ్చింది. భాష ఎంచుకునే మొదటి పేజీ దగ్గర మాత్రం చాలామంది ఆగకుండా వేగంగా నొక్కేశారు, పైన ఇంగ్లీషు ఉంది కాబట్టి అదే నొక్కారు. తర్వాత "అరె, తెలుగు కూడా ఉందా" అని వెనక్కి వచ్చారు. వరస మార్చాం, ఇంగ్లీషు చివరికి పంపాం. రెండోరోజు తెలుగు, ఉర్దూ ఎంచుకున్నవాళ్ళు కళ్ళకి కనపడేంత పెరిగారు.

సైగల వీడియోలో ఆగే క్షణాలు పెట్టాం. అక్కగారు రెండు క్షణాలు చాలవు, పటం దగ్గర కనీసం అయిదు కావాలన్నారు. పటం పెద్దది, చూపు అంత దూరం వెళ్ళి రావాలి కదా. మళ్ళీ తీస్తున్నాం.

ఒక గ్రంథానికి "చూడండి" భాగం రాయడానికి నేనే కూర్చున్నాను. ఆ పుస్తకాన్ని పదేళ్ళుగా చూస్తున్నాను, వరసలు లెక్కపెట్టడం మొదలుపెట్టాక పదకొండో వరసలో ఒక మాట కొట్టేసి పైన సన్నగా ఇంకో మాట రాసి ఉండడం మొదటిసారి గమనించాను. క్యురేటర్‌కి చూపిస్తే ఆయన కూడా అద్దం పట్టుకుని చాలాసేపు చూశారు. అది ఇప్పుడు ఐదు భాషల్లోనూ, సైగల్లోనూ ఉంది.

#17 తెల్లకర్ర_77

ఆ కొట్టేసిన మాట ఏమిటో కూడా చెప్పండి. ఆడియోలో కొట్టేసిందని ఉంది, ఏ మాటో లేదు. మీరు ఊరించి ఆపేశారు.

#18 పాతపుటలు

నిజమే, వదిలేశాం. కొట్టేసింది "విన్నది", పైన రాసింది "చూసినది". రేపు ఐదు భాషల్లోనూ కలుపుతాం, ఉర్దూ గొంతు ఇచ్చినావిడ గురువారం వస్తానన్నారు, అది అప్పుడు. పదకోశం పట్టిక శుభ్రం చేసి ఇక్కడే పెడతాను, ముగ్గురమే గారూ, మీ మరాఠీ ఆవిడని ఒకసారి చూడమని అడుగుతారా?